అరవై పంక్తుల స్క్రిప్టుకు ఒక విండో

ఒకే ఫోటో నాలుగు ఫోల్డర్లలో నాలుగు పేర్లతో పడి ఉండటం చూసి విసుగెత్తి, కొన్నేళ్ల కిందట పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఇచ్చిన ఫోల్డరులోని ఫైళ్లన్నింటినీ అది ముందుగా పరిమాణాన్ని బట్టి గుంపులు చేస్తుంది; ఒకే పరిమాణం ఉన్నవి రెండో అంతకన్నా ఎక్కువో కనిపిస్తే, వాటికి మాత్రమే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (లోపలి సమాచారం నుంచి తీసే వేలిముద్ర వంటి సంఖ్య) లెక్కకట్టి, హ్యాష్ కూడా కలిసినవాటిని నకళ్లుగా చూపిస్తుంది. పరిమాణమే వేరైనప్పుడు లోపలి సమాచారం ఒకటయ్యే ప్రసక్తే లేదు కనుక, చాలా ఫైళ్లను తెరిచి చదవవలసిన పని కూడా తప్పుతుంది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) స్క్రిప్టు పేరు పక్కన ఫోల్డరు దారి ఇస్తే జాబితా చూపించి, తరలించమంటారా అని అడిగి, అవునంటే నకళ్లను విడిగా మరో ఫోల్డరులోకి జరుపుతుంది. అంతా కలిపి అరవై పంక్తులు. నాకు అంతకు మించి ఏమీ అవసరం పడలేదు.

అవసరం అక్కకు పడింది. ల్యాప్‌టాప్‌లో చోటు లేదని ఆమె అన్నప్పుడు ఈ స్క్రిప్టునే పంపించాను. ఫోల్డరు పేరులో మధ్య ఖాళీ ఉంటే దారిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలని చెప్పడం మరిచిపోయాను. రెండుసార్లు తప్పు సందేశం చూసి, "ఇదంతా ఎందుకురా, ఒక బటను పెట్టి ఇవ్వలేవా?" అని అడిగింది. ఒక్క బటనే కదా, ఒక సాయంత్రం పని అనుకున్నాను. మూడు వారాంతాలు పట్టింది. బటనును తెరమీద నిలబెట్టడానికి పది నిమిషాలు చాలాయి. మిగతా కాలమంతా ఆ బటనుకూ స్క్రిప్టుకూ మధ్య ఉండే తీగను సరిగ్గా కట్టడానికే పోయింది. ఆ తీగ గురించే ఈ టపా.

విండోలు కట్టే లైబ్రరీలలో టికింటర్‌ను ఎంచుకున్నాను. క్యూటీ, జీటీకే వంటివి చూడటానికి ఇంపుగా ఉంటాయి, ఎక్కువ విడ్జెట్లను (బటన్లు, పెట్టెలు వంటి విండో భాగాలను) ఇస్తాయి; కానీ టికింటర్ పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఏదీ దింపుకోనక్కరలేదు. (డెబియన్ వంటి కొన్ని లినక్స్ పంపిణీలలో మాత్రం దాన్ని వేరే ప్యాకేజీగా పెట్టుకోవాలి.) పైథాన్‌తో వచ్చే ఐడిల్ అనే ఎడిటర్ కూడా దీనితో కట్టినదే. జాన్ ఔస్టర్‌హౌట్ 1980ల చివరలో బర్కిలీలో ఉండగా టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాషను రూపొందించారు. విండోలను, బటన్లను అమర్చే టీకే దానికి తరువాత తోడైంది. టికింటర్ అంటే ఆ టీకేకు పైథాన్ వైపు నుంచి వేసిన వంతెన. ఈ చరిత్ర ఇక్కడ ఎందుకంటే, మనం పైథాన్‌లో ఒక బటను సృష్టించిన ప్రతిసారీ లోపల ఒక టీసీఎల్ ఇంటర్‌ప్రెటర్‌కు ఆదేశం వెళుతుంది. తప్పు సందేశాలలో చుక్కతో మొదలయ్యే వింత విడ్జెట్ పేర్లు కనిపించినప్పుడు, అవి ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో తెలియక నేను మొదట్లో చాలాసేపు తికమకపడ్డాను.

అసలు చిక్కు పరికరంలో లేదు, స్క్రిప్టు రాసే అలవాటులో ఉంది. టెర్మినల్‌లో నడిచే స్క్రిప్టు కర్తరి వాక్యం వంటిది: తానే మొదలవుతుంది, తానే అడుగుతుంది, జవాబు వచ్చేదాకా తానే ఆగుతుంది, తానే ముగుస్తుంది. విడ్జెట్లు వచ్చిన మరుక్షణం ఆ వాక్యాన్ని కర్మణిలోకి మార్చుకోవాలి. ఇప్పుడు నడిపేది మెయిన్‌లూప్. అది మౌస్ నొక్కులు, కీబోర్డు తట్టులు, విండోను తిరిగి గీయమనే అభ్యర్థనలు ఒక్కొక్కటిగా అందుకొని, దేనికి ఏ ఫంక్షన్ను పిలవాలో ఆ ఫంక్షన్ను పిలుస్తుంది. మన స్క్రిప్టు పిలవబడేది మాత్రమే. పిలిచినప్పుడు పలకాలి, పని చూసుకొని వెంటనే తప్పుకోవాలి. ఈ ఒక్క మార్పును ఒప్పుకోకుండా పాత స్క్రిప్టును ఉన్నది ఉన్నట్టు బటను వెనక దూర్చడానికి ప్రయత్నించినందుకే మొదటి వారాంతం వృథా అయింది.

కాబట్టి ముందు విండో జోలికి పోకుండా స్క్రిప్టునే విడదీశాను. తరలించమంటారా అని అడిగే పంక్తి, తెరమీద ముద్రించే పంక్తులు, తప్పు జరిగితే ప్రోగ్రామ్‌ను ముగించే పంక్తి, ఈ మూడు రకాలూ అసలు పని మధ్యలో అల్లుకుపోయి ఉన్నాయి. వాటన్నింటినీ బయటికి తీస్తే మిగిలింది శుద్ధమైన ఒక ఫంక్షన్: ఒక ఫోల్డరును తీసుకుంటుంది, నకళ్ల జాబితాను తిరిగి ఇస్తుంది, మధ్యలో ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి తనకు ఇచ్చిన మరో ఫంక్షన్ను పిలుస్తుంది. ఆ చెప్పే ఫంక్షన్ టెర్మినల్‌లో ముద్రిస్తుందా, విండోలో రాస్తుందా అన్నది దానికి అనవసరం. తరలించే పని రెండో ఫంక్షన్. ప్రోగ్రామ్‌ను ముగించే పంక్తి గురించి ప్రత్యేకంగా చెప్పాలి: టెర్మినల్‌లో అది మర్యాదైన వీడ్కోలే గానీ, బటను వెనక ఉన్నప్పుడు అదే పంక్తి ఖాళీ ఫోల్డరును ఎంచుకున్న నేరానికి విండో మొత్తాన్ని మూసివేస్తుంది. దాని స్థానంలో ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని తెలిపే సంకేతం) లేవనెత్తి, ఏం చేయాలో పిలిచినవారికే వదిలేశాను.

ఇక బటను. దానికి కమాండ్ అనే ఒక గుణం ఉంటుంది. నొక్కినప్పుడు ఏ ఫంక్షన్ను పిలవాలో అక్కడ చెప్పాలి. నేను ఫంక్షన్ పేరు పక్కన అలవాటుగా బ్రాకెట్లు కూడా పెట్టాను. దానితో విండో తెరుచుకోకముందే వెతుకులాట మొదలైంది, తెరుచుకున్నాక బటను ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బ్రాకెట్లు పెడితే ఫంక్షన్ను అప్పుడే పిలిచినట్టు. అది తిరిగి ఇచ్చిన విలువ, అంటే నా విషయంలో ఏమీ లేనితనం, బటనుకు దక్కింది. ఫంక్షన్ను ఇవ్వడం వేరు, ఫంక్షన్ ఫలితాన్ని ఇవ్వడం వేరు అన్న భేదం నాకు తెలియనిది కాదు, వేళ్లకే తెలియదు.

దీనికి తమ్ముడు వరసయ్యే తప్పు ఇంకొకటి ఉంది. ప్రతి నకళ్ల గుంపు పక్కన "తెరువు" అనే బటను పెడదామని ఒక లూప్ రాసి, అందులో లాంబ్డాతో (పేరు లేని చిన్న ఫంక్షన్‌తో) ఆ గుంపు ఫోల్డరును తెరిచే ఫంక్షన్ను ఇచ్చాను. ఏ బటను నొక్కినా చివరి ఫోల్డరే తెరుచుకునేది. లాంబ్డా తనలోని పేరుకు విలువను పుట్టినప్పుడు చూడదు, పిలిచినప్పుడు చూస్తుంది. అప్పటికి లూప్ ముగిసి ఆ పేరు చివరి విలువ దగ్గర నిలిచిపోయి ఉంటుంది. లాంబ్డా పరామితికి డిఫాల్టు విలువగా ఆ ఫోల్డరును అక్కడికక్కడే కట్టిపడేస్తే చిక్కు విడిపోయింది.

రెండో వారాంతం గడ్డకట్టిన విండోతో గడిచింది. చిన్న ఫోల్డరు మీద అన్నీ చక్కగా నడిచాయి. వేల ఫోటోలున్న ఫోల్డరు ఇవ్వగానే నొక్కిన బటను నొక్కినట్టే లోపలికి దిగి ఉండిపోయింది, విండో తెల్లబారింది, దాని పేరు పక్కన స్పందించడం లేదన్న మాట వచ్చి చేరింది. విండోస్ ఒక విండో దాదాపు 5 సెకన్లపాటు తనకు వచ్చిన సందేశాలను అందుకోకపోతే ఆ ముద్ర వేస్తుంది. మెయిన్‌లూప్ నా ఫంక్షన్ను పిలిచింది. ఆ ఫంక్షన్ తిరిగి వచ్చేదాకా లూప్ ముందుకు కదలదు. లూప్ కదలనంతకాలం తెరను గీసేవారూ లేరు, నొక్కులను వినేవారూ లేరు. నా స్క్రిప్టు లోపల శ్రద్ధగా పని చేస్తూనే ఉంది, బయటికి మాత్రం చచ్చిపోయినట్టు కనిపించింది.

దీనికి ఒక అడ్డదారి ఉంది, నేనూ ఆ దారిన వెళ్లాను. అప్‌డేట్ అనే పిలుపును ఒక్కో ఫైలు చూసిన తరువాత పెడితే, అప్పటిదాకా పేరుకుపోయిన నొక్కులు, తట్టులు వంటి సంఘటనలన్నింటినీ అది తీర్చేసి మళ్లీ మన పనిని మనకు అప్పగిస్తుంది. విండో కదిలింది, అంకెలు పెరగడం కనిపించింది, పని అయిపోయిందనే అనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి వెతుకులాట నడుస్తుండగానే అదే బటనును మళ్లీ నొక్కాను. మొదటి వెతుకులాట కడుపులోనే రెండోది మొదలైంది. అది పూర్తయ్యేదాకా మొదటిది ఆగింది. చివరకు జాబితాలో ప్రతి గుంపూ రెండేసిసార్లు కనిపించింది. అప్‌డేట్ లోపల తీరే సంఘటనలలో ఆ బటను నొక్కు కూడా ఒకటే కదా. బటనును తాత్కాలికంగా నిష్క్రియం చేసి దీన్ని దాటవచ్చు గానీ, పెద్ద వీడియో ఒకటి తగిలితే ఆ ఒక్క ఫైలు చదివినంతసేపూ విండో మళ్లీ గడ్డకడుతుంది. అప్‌డేట్‌తో నెట్టుకొచ్చిన ప్రోగ్రామ్‌ను నేను ఇక నమ్మను.

పనిని వేరే థ్రెడ్‌లోకి, అంటే అదే ప్రోగ్రామ్‌లో పక్కన నడిచే మరో పని వరుసలోకి, పంపడమే సరైన దారి. మినహాయింపు లేని ఒక నియమం మాత్రం పెట్టుకోవాలి: విడ్జెట్లను తాకే హక్కు మెయిన్‌లూప్ నడిచే థ్రెడ్‌కే ఉంటుంది. పక్క థ్రెడ్ నుంచి లేబుల్‌లోని మాట మారిస్తే చాలాసార్లు పనిచేసినట్టే కనిపిస్తుంది, మరొకసారి ప్రధాన థ్రెడ్ మెయిన్‌లూప్‌లో లేదన్న ఫిర్యాదుతో కూలుతుంది, ఇంకొకసారి ఏ ఫిర్యాదూ లేకుండానే వేలాడుతుంది. క్యూటీలోనూ జీటీకేలోనూ ఇదే నియమం. క్యూటీలో సిగ్నళ్లు, జీటీకే వైపు ఐడిల్-యాడ్ అనే పిలుపు ఆ సరిహద్దును దాటించే పనిని చూసుకుంటాయి. టికింటర్‌లో అటువంటి ఏర్పాటును మనమే కట్టుకోవాలి, అదేమంత కష్టం కాదు.

పైథాన్‌లోనే ఉన్న క్యూ (ఒక థ్రెడ్ వేసినవాటిని మరో థ్రెడ్ వరుసగా తీసుకునే బారు) ఒకటి తీసుకున్నాను. పక్క థ్రెడ్ తాను చెప్పదలచుకున్నదంతా అందులో వేస్తుంది: ఇన్ని ఫైళ్లు చూశాను, ఈ గుంపు దొరికింది, ఈ ఫైలు తెరుచుకోలేదు, పని ముగిసింది. విండో వైపు ఒక చిన్న ఫంక్షన్ ఆ క్యూను తొంగిచూసి, ఉన్నవన్నీ తీసుకొని విడ్జెట్లలో నింపి, ఆఫ్టర్ అనే పిలుపుతో 100 మిల్లీసెకన్ల తరువాత తనను మళ్లీ పిలవమని మెయిన్‌లూప్‌కు చెప్పి తప్పుకుంటుంది. ఆఫ్టర్ ఒక్కసారికే పనిచేస్తుంది. మళ్లీ పిలవమని ప్రతిసారీ చెప్పుకోవాలి. నేను ఆ పంక్తిని ఫంక్షన్ మధ్యలో పెట్టాను, దానికి పైన ఒకచోట ఎక్సెప్షన్ వచ్చింది, గొలుసు తెగింది, అంకె 212 దగ్గర నిలిచిపోయింది. వెతుకులాట ఆగిందనుకొని థ్రెడ్‌లో ఒక గంటసేపు వెతికాను. థ్రెడ్ తన పని ఎప్పుడో ముగించి వెళ్లిపోయింది. ఎక్సెప్షన్ వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీ భాగంలోకి ఆ పంక్తిని మార్చాను.

క్యూను తీరిగ్గా వాడుకోవడంలో మరో మెలకువ ఉంది. ఫైలుకొక సందేశం వేస్తే వేల సందేశాలు వచ్చిపడతాయి. ఒక్కొక్కదానికీ టెక్స్ట్ విడ్జెట్‌లో ఒక పంక్తి చేరుస్తూ పోతే, అసలు పని వేరే థ్రెడ్‌లో ఉన్నా విండో మళ్లీ మొరాయిస్తుంది. చదివేవారికి సెకనుకు పది మార్పులు ఎలాగూ చాలు. అందుకని ఒక విడతలో వచ్చిన పంక్తులన్నింటినీ కలిపి ఒకేసారి చేర్చడం, అంకెల విషయంలో చివరి విలువను మాత్రమే చూపించడం మొదలుపెట్టాను. పైథాన్‌లో ఒక సమయంలో ఒకే థ్రెడ్ నడిచేలా చూసే జీఐఎల్ అనే తాళం ఉంటుందని, కాబట్టి థ్రెడ్ల వల్ల లాభం లేదని అనేవారున్నారు. ఈ పనికి ఆ బెంగ అక్కరలేదు. ఫైలు చదివేటప్పుడూ, పెద్ద ముక్కలకు హ్యాష్ కట్టేటప్పుడూ పైథాన్ ఆ తాళాన్ని వదిలేస్తుంది. నా స్క్రిప్టు కాలమంతా గడిచేది ఆ రెండింటిలోనే.

ఆపు అనే బటను లేని విండోను ఎవరికీ ఇవ్వకూడదనిపించింది. థ్రెడ్‌ను బయటి నుంచి బలవంతంగా చంపే సదుపాయం పైథాన్‌లో లేదు, లేకపోవడమే మంచిది. ఒక ఈవెంట్ వస్తువును జెండాలా పెట్టి, ఆపు నొక్కినప్పుడు దాన్ని ఎగరేస్తాం. వెతికే ఫంక్షన్ ఒక్కో మెగాబైటు చదివిన తరువాత ఆ జెండా వైపు చూసి, లేచి ఉంటే తనంతట తాను వెనుదిరుగుతుంది. విండో మూసే గుర్తును నొక్కినప్పుడూ ఇదే జెండా. తరలించే పనిని మాత్రం ఒక ఫైలు పూర్తిగా జరిగిన తరువాతే ఆపనిస్తాను, సగం జరిగిన ఫోటో ఎవరికీ పనికిరాదు.

మూడో వారాంతం అక్క కంప్యూటర్ మీద మొదలైంది. నా దగ్గర నిక్షేపంగా నడిచిన విండో అక్కడ డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకొని, వెతుకు నొక్కితే ఏమీ చేయకుండా ఊరుకుంది. టెర్మినల్ కనిపించకుండా ఉండాలని ఫైలు పేరు చివర పీవైడబ్ల్యూ అని మార్చి ఇచ్చాను. అలా నడిపినప్పుడు స్క్రిప్టుకు ప్రామాణిక అవుట్‌పుటే, అంటే ముద్రించినది వెళ్లే దారే, ఉండదు. మామూలు ప్రింట్ ఆ సంగతి గమనించి మౌనంగా తప్పుకుంటుంది. నేను ఒకేచోట, అంకె అదే పంక్తిలో మారాలని, అవుట్‌పుట్‌కు నేరుగా రాసే పాత పంక్తి ఒకటి తీసేయడం మరిచిపోయాను. లేని వస్తువుకు రాయబోయి థ్రెడ్ కూలింది. ఆ కూలిన వార్త చెప్పడానికి కూడా చోటు లేదు కదా, తప్పు సందేశాలు వెళ్లవలసిన దారీ అక్కడ మూసుకుపోయే ఉంటుంది. ఆ తరువాత రెండు ఏర్పాట్లు చేశాను. థ్రెడ్‌లో నడిచే ఫంక్షన్ మొత్తాన్ని తప్పులను పట్టుకునే ట్రై లోపల ఉంచి, ఏ తప్పు వచ్చినా దాని పూర్తి వివరాన్ని క్యూలోకే వేయించాను. బటన్ల వెనక వచ్చే తప్పుల కోసం టికింటర్‌లోని రిపోర్ట్-కాల్‌బ్యాక్-ఎక్సెప్షన్ అనే ఫంక్షన్ స్థానంలో నాది పెట్టి, సందేశపు పెట్టె ఒకటి తెరుచుకునేలా చేశాను. నన్నడిగితే విండోకు మొదట కట్టవలసిన తీగ ఇదే, నేను చివర కట్టాను.

టెర్మినల్ బయటి నుంచి తెరిచినప్పుడు మరో తేడా వస్తుంది. టెర్మినల్‌లో నేను ఎప్పుడూ స్క్రిప్టు ఉన్న ఫోల్డరులో నిలబడే దాన్ని పిలుస్తాను కాబట్టి, సెట్టింగుల ఫైలును ఉత్త పేరుతో తెరిచినా దొరికేది. మెనూ నుంచో సత్వరమార్గం నుంచో తెరిచినప్పుడు ప్రస్తుత ఫోల్డరు ఏదైనా కావచ్చు. స్క్రిప్టు ఫైలు ఉన్నచోటు నుంచి దారి కట్టుకోవడం ఒక్క పంక్తి పని.

ఇదంతా స్క్రిప్టు పైథాన్‌లోనే ఉన్నప్పటి కథ. షెల్‌లో (టెర్మినల్ ఆదేశాల భాషలో) రాసినదో, వేరొకరు రాసి ఇచ్చినదో అయితే, దాన్ని ఫంక్షన్‌గా విడదీయలేము. సబ్‌ప్రాసెస్‌గా, అంటే విడి ప్రోగ్రామ్‌గా, నడిపి, దాని అవుట్‌పుట్‌ను పైపు ద్వారా పంక్తి పంక్తిగా చదువుకోవాలి. చదివే పని మళ్లీ పక్క థ్రెడ్‌దే, అందించే పని అదే క్యూది. అక్కడ నన్ను బాగా ఏడిపించినది బఫర్. టెర్మినల్‌కు రాసేటప్పుడు పంక్తి పూర్తికాగానే బయటికి పంపే ప్రోగ్రామ్, అవతల ఉన్నది పైపు అని తెలియగానే కొన్ని వేల బైట్లు కూడేదాకా దాచిపెడుతుంది. ఫలితంగా విండోలో చివరిదాకా ఏమీ కనిపించదు, ఆఖరున అన్నీ ఒక్కసారి కుమ్మరించినట్టు వస్తాయి. నడిచేది పైథాన్ స్క్రిప్టే అయితే యు అనే ఐచ్ఛికంతో నడిపితే చాలు. అవుట్‌పుట్‌కూ తప్పులకూ వేర్వేరు పైపులు పెట్టి ఒకదాన్ని చదవకుండా వదిలేస్తే, ఆ పైపు నిండినప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. లినక్స్‌లో మామూలుగా ఒక పైపులో పట్టేది 64 కిలోబైట్లు. రెండింటినీ ఒకే పైపులో కలపడం నాకు సుఖంగా అనిపించింది.

బటన్ల మీద తెలుగు రాద్దామని సరదాపడ్డాను. విండోస్‌లో అక్షరాలు చక్కగా వచ్చాయి. నా లినక్స్‌లో మాత్రం "నకళ్లు" అన్న మాటలో ళకారం కింద ఉండవలసిన లవత్తు పక్కకు వచ్చి కూర్చుంది. టీకే 8.6 అక్కడ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది, వాటిని కలిపి వత్తులుగా మలిచే పని చేయదు. ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ద్వారా క్యూటీ, జీటీకే చేస్తాయి. తెలుగులోనే ఉండవలసిన విండో అయితే, లినక్స్ మీద కూడా నడవాలంటే, టికింటర్ పక్కన పెట్టి మొదటి రోజే క్యూటీకి వెళ్లడం మేలు. అక్కది విండోస్ కాబట్టి నాది గడిచిపోయింది.

పాత స్క్రిప్టు ఇప్పటికీ టెర్మినల్‌లో పాత పద్ధతిలోనే నడుస్తుంది. నేరుగా పిలిస్తే టెర్మినల్ భాగం మొదలవుతుంది, విండో ఫైలు దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటే రెండు ఫంక్షన్లు మాత్రమే దొరుకుతాయి. నేను ఇప్పటికీ టెర్మినల్ వైపే వాడతాను. విండో ఫైలు పొడవు స్క్రిప్టుకు మూడింతలైంది.

అక్క విండో తెరిచి, ఫోల్డరు ఎంచుకొని, వెతుకు నొక్కింది. అంకెలు పరుగెత్తడం మొదలైన రెండు సెకన్లకే ఆపు నొక్కింది. ఎందుకు ఆపావని అడిగితే, "ఆగుతుందో లేదో చూశాను" అని, మళ్లీ వెతుకు నొక్కింది.